స్టీమ్‌ఓఎస్ బాగుందా, బాగాలేదా? ముందు ఆ మాట ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి ముందు దాని సారం చెబుతాను. ఇదే సందేహం ఉన్న మరికొందరికి కూడా పనికొస్తుంది. హనుమకొండలో మీ నాన్నగారు జిరాక్స్, డీటీపీ సెంటర్ నడుపుతున్నారు. మీకున్నది ఒకటే డెస్క్‌టాప్, పగలు ఆయన పనికి, రాత్రి నీ ఆటకు. ఐ5-7400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, పక్కన 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10కు కాలం తీరింది, విండోస్ 11 ఆ ప్రాసెసర్‌ను ఒప్పుకోవడం లేదు. హాస్టల్లో ఒక మిత్రుడు లీజియన్ గో ఎస్ అనే, చేతిలో పట్టుకుని ఆడే యంత్రం పెట్టుకుని, స్టీమ్‌ఓఎస్‌ను (స్టీమ్ అనే ఆటల దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ, విండోస్‌కు బదులుగా లినక్స్ అనే ఉచిత సిస్టమ్ మీద కట్టింది) మించింది లేదంటున్నాడు. ఇంకొకడు తన డెస్క్‌టాప్‌లో వేసుకుని, విసుగెత్తి తీసేసి, అదంతా ఉత్త ప్రచారమంటున్నాడు. నువ్వు ఆడేవి కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5, శని, ఆదివారాల్లో స్నేహితులతో వాలరెంట్. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి, మన కంప్యూటర్లో వేయాలా వద్దా అని అడిగావు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకడు ఏఎండీ చిప్ ఉన్న చేతి యంత్రం గురించి చెబుతున్నాడు, రెండోవాడు డెస్క్‌టాప్ గురించి. పేరు ఒకటే వాడుతున్నారు, అంతే. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి మొదట్లో వచ్చే అభిప్రాయాలన్నీ ఇలాగే ఉంటాయి. రాసినవాడి గ్రాఫిక్స్ కార్డు ఏది, అతను ఆడే ఆటలు ఏవి, ఈ రెండూ తెలియకపోతే ఆ అభిప్రాయానికి విలువ లేదు. పొగడ్తకూ లేదు, తిట్టుకూ లేదు. నీ సంగతికి వస్తే, వేసుకోవచ్చు. కానీ స్టీమ్‌ఓఎస్ కాదు, దానిలాంటిదే ఇంకో లినక్స్, బాజైట్. అదీ విండోస్‌ను తీసేసి కాదు, పక్కన ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టి. ఎందుకో కింద రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

పాత కథ కొంచెం తెలియాలి. వాల్వ్ కంపెనీ మొదటి స్టీమ్‌ఓఎస్‌ను 2013 డిసెంబర్‌లోనే విడుదల చేసింది. 2015 నవంబర్‌లో స్టీమ్ మెషీన్లని పెట్టెలు కూడా అమ్మకానికి వచ్చాయి. జనం పట్టించుకోలేదు. లినక్స్ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన ఆటలే అందులో నడిచేవి, పేరున్న ఆటల్లో చాలా భాగం అసలు వచ్చేవే కావు. 2018 ఆగస్టులో ప్రోటాన్ వచ్చింది. విండోస్ ఆట డైరెక్ట్‌ఎక్స్ అనే విండోస్ గ్రాఫిక్స్ భాషలో అడిగేదాన్ని అప్పటికప్పుడు లినక్స్‌కు తెలిసిన వల్కన్ భాషలోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే దుబాసీ అది. 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్, దానితో ఆర్చ్ లినక్స్ మీద కట్టిన స్టీమ్‌ఓఎస్ 3 వచ్చాయి. 2025 మేలో వచ్చిన 3.7 వెర్షన్‌తో లీజియన్ గో ఎస్‌కు అధికారిక మద్దతు వచ్చింది, ఏఎండీ చిప్‌లున్న మరికొన్ని చేతి యంత్రాలకూ దారి తెరుచుకుంది. ఇప్పుడు అందరూ కొత్తది, కొత్తది అంటున్నది దీన్నే. 2015లో ఒకసారి చూసి పెదవి విరిచినవాళ్లు ఇప్పటికీ అదే పాట పాడుతుంటారు. వాళ్ల మాటకు కాలం చెల్లింది, వదిలెయ్.

మొదటి మిత్రుడి ఆనందంలో తప్పు లేదు. ఆ యంత్రం మీద స్టీమ్‌ఓఎస్ నిజంగానే బాగుంటుంది. ఆర్స్ టెక్నికా వెబ్‌సైట్ వాళ్లు 2025లో ఒకే లీజియన్ గో ఎస్ మీద విండోస్ 11నూ స్టీమ్‌ఓఎస్‌నూ మార్చి మార్చి వేసి ఆటలు నడిపి చూశారు. చాలావాటిలో స్టీమ్‌ఓఎస్‌కే ఎక్కువ ఫ్రేములు (సెకనుకు తెర మీద వచ్చే బొమ్మలు) వచ్చాయి. అయితే ఆ పరీక్షలో జనం గమనించని మాట ఒకటుంది. తయారీదారు విండోస్‌కు ఇచ్చిన గ్రాఫిక్స్ డ్రైవర్ పాతది, కొత్త డ్రైవర్ వేసి చూస్తే కొన్ని ఆటల్లో తేడా తగ్గింది. అంటే గెలుపులో కొంత భాగం స్టీమ్‌ఓఎస్‌ది, కొంత భాగం విండోస్ వైపు నిర్లక్ష్యానిది. ఆ పట్టిక చూసి నీ 1050 టీఐ మీద కూడా ఫ్రేములు పెరుగుతాయనుకుంటే పొరపాటే. అక్కడున్నది ఏఎండీ గ్రాఫిక్స్. లినక్స్‌లో ఏఎండీ డ్రైవర్ బహిరంగంగా అభివృద్ధి అవుతుంది, వాల్వ్ సొంత మనుషులే అందులో పనిచేస్తున్నారు. నీ కార్డు తయారుచేసిన ఎన్విడియా సంగతి వేరు.

ఫ్రేముల కంటే అతనికి ఎక్కువ నచ్చింది వేరే ఉండి ఉంటుంది. అడిగి చూడు. ఆట మధ్యలో పవర్ బటన్ ఒకసారి నొక్కితే యంత్రం నిద్రపోతుంది, మళ్లీ నొక్కితే ఆట ఆగినచోటే మొదలవుతుంది. కాజీపేటలో రైలు దిగేటప్పుడు నొక్కేసి, హాస్టల్‌కు వచ్చాక మంచం మీద పడుకుని కొనసాగించవచ్చు. విండోస్ ఉన్న చేతి యంత్రాల్లో ఈ నిద్ర వ్యవహారం చాలాకాలంగా నమ్మకం లేనిది. అందుకే వాళ్లంతా అంతగా మురిసిపోతారు. టేబుల్ మీదుండే నీ డెస్క్‌టాప్‌కు ఈ సుఖంతో పనేమీ లేదు. పైగా ఎన్విడియా కార్డులతో లినక్స్‌లో నిద్ర లేపినప్పుడే తెర సరిగా రాక ఇబ్బందిపెట్టడం తరచూ వినే ఫిర్యాదు.

ఇక రెండో మిత్రుడు. అతను వేసింది ఏమిటో ముందు తేల్చుకో. నేనిది రాసేనాటికి స్టీమ్‌ఓఎస్‌కు ఎన్విడియా కార్డులతో అధికారిక మద్దతు లేదు. వాల్వ్ ఇచ్చే రికవరీ ఇమేజ్ (సిస్టమ్ మొత్తం ఉన్న ఫైలు) కూడా మామూలు ఇన్‌స్టాలర్ లాగా ఏ భాగంలో వేయమంటావని మర్యాదగా అడగదు, డిస్కు మొత్తం తుడిచి తనకు కావలసినట్టు విభజించుకుంటుంది. మీ నాన్నగారి ఫైళ్లున్న డిస్కు మీద ఆ పని జరిగితే ఏమవుతుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. డెస్క్‌టాప్‌లో వేశానని చెప్పేవాళ్లలో చాలామంది నిజానికి బాజైట్ వేసి, దాన్నే స్టీమ్‌ఓఎస్ అంటుంటారు. బాజైట్ వాల్వ్‌ది కాదు. యూనివర్సల్ బ్లూ అనే బృందం ఫెడోరా లినక్స్ మీద కట్టినది. స్టీమ్, ప్రోటాన్, గేమ్‌ప్యాడ్ డ్రైవర్లు అన్నీ ముందే పెట్టి ఇస్తారు. ఎన్విడియా డ్రైవర్ కలిపిన ఇమేజ్ కూడా విడిగా ఇస్తారు. అందుకే నీకు అదే సరిపోతుంది.

హనుమకొండలో కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం నా వృత్తి కాబట్టి ఇలా విసుగెత్తినవాళ్ల క్యాబినెట్లు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. వాటిలో ఎక్కువగా కనిపించే జబ్బు ఒకటుంది, వివరంగా చెబుతాను. ఇన్‌స్టాల్ అంతా సాఫీగా అవుతుంది. రీస్టార్ట్ కాగానే నీలం రంగు తెర ఒకటి వచ్చి, ఏదైనా కీ నొక్కమని అడుగుతూ పది నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. జనం దాన్ని చూసి అదేదో దానంతట అదే పోతుందిలే అనుకుని టీ తాగడానికి లేస్తారు. లెక్క అయిపోతుంది, తెర పోతుంది. తరవాత నల్లటి తెర మీద చిన్న సందేశం కనిపిస్తుంది, షిమ్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) సంతకం సరిగా లేదు, ముందు కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) లోడ్ చేయమని. అక్కడితో కంప్యూటర్ ముందుకు కదలదు. సాయంత్రానికి ఒక చెడ్డ అభిప్రాయం తయారు. అసలు జరిగిందేమిటంటే, మదర్‌బోర్డులో సెక్యూర్ బూట్ (తెలిసిన సంతకం ఉన్న సిస్టమ్‌నే మొదలవనిచ్చే కాపలా) ఆన్‌లో ఉంది, బాజైట్ కెర్నల్ మీద ఉన్న సంతకాన్ని బోర్డుకు పరిచయం చేయాలి. ఆ నీలం తెర వచ్చింది దానికోసమే. కీ నొక్కితే వచ్చే జాబితాలో ఎన్‌రోల్ ఎంఓకే అనేది ఎంచుకుని, కంటిన్యూ, యస్ అని చెప్పి, పాస్‌వర్డ్ దగ్గర యూనివర్సల్‌బ్లూ (universalblue) అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఖాళీ లేకుండా కొట్టాలి. కొడుతున్నప్పుడు తెర మీద చుక్క కూడా కనిపించదు, కీబోర్డు పాడైందని కంగారుపడకు. ఎంటర్ కొట్టి రీబూట్ చేస్తే అయిపోతుంది. రెండు నిమిషాల పని, దీనికి సిస్టమ్ మొత్తం పనికిరాదని తీర్పు చెప్పేస్తారు.

కార్డు గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే నీ విషయంలో అసలు చిక్కు అక్కడే ఉంది. 1050 టీఐ 2016లో వచ్చిన పాస్కల్ తరం కార్డు. బాజైట్ దింపుకునేటప్పుడు వాళ్ల వెబ్‌సైట్ ఏ కార్డని అడుగుతుంది. అక్కడ ఎన్విడియా కింద రెండు వరుసలుంటాయి, ఒకటి ఆర్‌టీఎక్స్, జీటీఎక్స్ 16 సిరీస్‌లకు, ఇంకొకటి జీటీఎక్స్ 9, 10 సిరీస్‌లకు. నీది రెండోది. మొదటిది వేస్తే ఎన్విడియా డ్రైవరే లోడ్ కాదు, ఎందుకంటే అందులో ఉండే ఓపెన్ సోర్స్ డ్రైవర్ భాగాలు పాస్కల్ తరవాత వచ్చిన ట్యూరింగ్ తరం నుంచే పనిచేస్తాయి. ఎన్విడియా 580 వరుస డ్రైవర్లతో పాస్కల్‌కు కొత్త వసతులు ఆపేసింది. ఇది లినక్స్ మీద కోపంతో చేసింది కాదులే, విండోస్‌లోనూ అంతే. 2025 అక్టోబర్ తరవాత ఆ కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు రావు, 2028 అక్టోబర్ వరకు భద్రతా మరమ్మతులు మాత్రమే వస్తాయి. అంటే నువ్వు ఏది వేసుకున్నా ఆ కార్డు వయసు తగ్గదు.

డైరెక్ట్‌ఎక్స్ 11, అంతకు ముందువి వాడే ఆటలు నీ కార్డు మీద ప్రోటాన్‌లో చక్కగా నడుస్తాయి. ఆ అనువాదం చేసే డీఎక్స్‌వీకే బాగా ముదిరిన సాఫ్ట్‌వేర్. ఎక్కువ ఆటల్లో విండోస్‌కూ దీనికీ తేడా కంటికి కనిపించదు. డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటలైతే కథ వేరు. వాటిని అనువదించే వీకేడీ3డీ-ప్రోటాన్ మీద ఎన్విడియా కార్డులు విండోస్‌తో పోలిస్తే వెనకబడతాయి, పాస్కల్ కార్డులు మరీ ఎక్కువగా. కొత్త ఆటల కోసమే మారాలని నీకుంటే ఆ ఆశ ఇప్పుడే మానుకో. జీటీఏ 5లో కూడా ఇప్పుడు రెండు రూపాలున్నాయి. 2025 మార్చిలో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ జోలికి వెళ్లకు, లెగసీనే దింపుకో. అది డైరెక్ట్‌ఎక్స్ 11 మీదే నడుస్తుంది, నీ 4 జీబీకి హాయిగా సరిపోతుంది.

మొదటిసారి ఆట తెరిచినప్పుడు ఏం కనిపిస్తుందో చెబుతాను, లేకపోతే నువ్వు కూడా కంగారుపడి ఏదో ఒకటి రాసేస్తావు. స్టీమ్‌లో ఆట పేరు మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే కంపాటిబిలిటీ అనే వరుస ఉంటుంది. అక్కడ ఏ ప్రోటాన్ వాడాలో ఎంచుకోవచ్చు. ఏదీ ఎంచుకోకపోయినా ఫరవాలేదు. ప్లే నొక్కగానే వల్కన్ షేడర్లను (బొమ్మ ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములను) సిద్ధం చేస్తున్నానంటూ ఒక గీత నెమ్మదిగా నిండుతుంది. నీ నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద ఆ గీతకు తొందరేమీ ఉండదు. స్కిప్ అనే బటన్ కూడా ఉంటుంది, నొక్కకు. దాటేస్తే ఆ పని ఆట నడుస్తుండగా జరుగుతుంది, కొత్త వీధిలోకి మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఒక క్షణం ఆగి ముందుకు దూకుతుంది. లినక్స్‌లో ఆటలు తడబడతాయని రాసినవాళ్లలో ఎంతమంది ఆ స్కిప్ నొక్కారో నాకు అనుమానమే. గ్రాఫిక్స్ డ్రైవర్ మారిన ప్రతిసారీ ఆ పని మళ్లీ జరగవచ్చు, అది మామూలే.

కౌంటర్ స్ట్రైక్ 2కు ప్రోటాన్ కూడా అక్కర్లేదు, అది వాల్వ్ సొంత ఆట, లినక్స్ రూపం నేరుగా ఉంది. ఫ్రేములు విండోస్ కంటే కొంత తగ్గవచ్చు. ఫేసిట్ అనే పోటీల వేదికలో ఆడే అలవాటుంటే మాత్రం దాని యాంటీ చీట్ (ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) లినక్స్‌లో లేదు.

ఇప్పుడు నీకు నచ్చని మాట. వాలరెంట్ నడవదు. ఈ రోజు నడవదు, ప్రోటాన్ కొత్తది వచ్చినా నడవదు, ఏదో వీడియోలో ఎవరో నడిపించానని చూపించినా నమ్మకు. వాలరెంట్ యాంటీ చీట్ అయిన వ్యాన్‌గార్డ్ విండోస్ కెర్నల్ లోపల, కంప్యూటర్ మొదలైనప్పటి నుంచీ కూర్చునే డ్రైవర్. లినక్స్‌లో ఆ కెర్నలే లేదు, కూర్చోవడానికి చోటు ఎక్కడ? అనువాదంతో తీరే సమస్య కాదది. 2024లో లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కు కూడా అదే వ్యాన్‌గార్డ్ తగిలించగానే అప్పటిదాకా లినక్స్‌లో ఆడుకుంటున్నవాళ్లంతా రోడ్డున పడ్డారు.

మిగతా యాంటీ చీట్‌ల పద్ధతి వేరు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌కు దారి ఇచ్చాయి. కానీ ఆ దారి తెరవాలా వద్దా అన్నది ఆట తయారుచేసిన కంపెనీ ఇష్టం. ఎల్డెన్ రింగ్ వాళ్లు తెరిచారు. ఫోర్ట్‌నైట్ వాళ్లు తెరవలేదు. ఏపెక్స్ లెజెండ్స్ వాళ్లు తెరిచి, 2024 అక్టోబర్ చివర్లో మళ్లీ మూసేశారు. జీటీఏ ఆన్‌లైన్‌కు 2024 సెప్టెంబర్‌లో బ్యాటిల్‌ఐ పెట్టి లినక్స్ వైపు తలుపు తీయకుండా వదిలేశారు. కథ ఆడుకోవచ్చు, ఆన్‌లైన్‌లోకి పోలేవు. పబ్‌జీ, కొత్త కాల్ ఆఫ్ డ్యూటీలు, బ్యాటిల్‌ఫీల్డ్ 6, ఇవన్నీ బయటే. స్టీమ్ సర్వేలో లినక్స్ వాడేవాళ్ల వాటా 3 శాతం దాటిందే 2025 అక్టోబర్‌లో, అదీ మొదటిసారి. వందలో ముగ్గురి కోసం మోసగాళ్లకు ఇంకో కిటికీ ఎందుకు తెరవాలని కంపెనీలు లెక్క వేసుకుంటాయి. నాకు ఆ లెక్క నచ్చదు, కానీ అర్థం కాకపోలేదు. ఇందులో ఒక మంచి సూత్రం కూడా ఉంది. ఒంటరిగా ఆడే ఆటలే ఎక్కువ ఆడేవాడు కొత్త సిస్టమ్‌ను మెచ్చుకుంటాడు, స్నేహితులతో పోటీ ఆటలు ఆడేవాడు తిడతాడు. అభిప్రాయం చదవగానే రాసినవాడు ఏ రకమో నువ్వే చెప్పేయగలవు.

కాబట్టి శని, ఆదివారాల వాలరెంట్ నీకు ముఖ్యమైతే విండోస్ ఉండాల్సిందే. అది ముఖ్యం కాకపోయినా ఉండాల్సిందే, ఎందుకంటే మీ నాన్నగారు.

నీ ప్రశ్నలో ఈ సంగతి నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నాకైతే అదే అన్నిటికంటే పెద్ద సంగతి. డీటీపీ అంటే పేజ్‌మేకర్, ఫోటోషాప్, అను ఫాంట్లు. పెళ్లి శుభలేఖ అయినా, దశదినకర్మ కార్డు అయినా, ఎన్నికల కరపత్రమైనా మన దగ్గర సగానికి సగం ఇప్పటికీ అను స్క్రిప్ట్ మేనేజర్‌తో కొట్టినవే. అది విండోస్ సాఫ్ట్‌వేర్. అందులో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు, ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఫోటోషాప్‌కు లినక్స్ రూపం లేదు. ఆటల కోసం వచ్చిన ప్రోటాన్ ఈ సాఫ్ట్‌వేర్ల కోసం రాసింది కాదు. పాత లేజర్ ప్రింటర్లు కూడా ఒకసారి చూసుకో. కెనాన్ వాళ్ల క్యాప్ట్ పద్ధతిలో పనిచేసే పాతవాటికి లినక్స్ డ్రైవర్ వేయడమే పెద్ద తంటా, బాజైట్ లాంటి మూసి ఉంచిన సిస్టమ్‌లో అయితే మరీ. లగ్గాల కాలంలో గిరాకీ నిలబడి ఉండగా ప్రింటర్ కదలకపోతే ఆ రోజు మీ ఇంట్లో ఏ ఆటా నడవదు.

తెలుగు చదవడానికి, రాయడానికి మాత్రం బెంగ అక్కర్లేదు. బ్రౌజర్‌లో యూనికోడ్ తెలుగు శుభ్రంగా కనిపిస్తుంది, కీబోర్డు జాబితాలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కూడా ఉంటుంది.

బాజైట్‌లో నాకు బాగా నచ్చిన గుణం ఆటలకు సంబంధించింది కాదు. దాని అప్‌డేట్ పద్ధతి. నడుస్తున్న సిస్టమ్ మీద గీకి గీకి మార్పులు చేయదు. కొత్త ఇమేజ్ మొత్తాన్ని పక్కన సిద్ధం చేసుకుని, మళ్లీ మొదలైనప్పుడు అందులోకి వెళ్తుంది. పాతది చెరిగిపోదు. మే నెలలో సాయంత్రం గాలివాన లేచి అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయిందనుకో, తిరిగి వచ్చాక పాత ఇమేజ్‌తోనే మామూలుగా లేస్తుంది. కొత్త ఇమేజ్‌లో ఏదైనా చెడిపోతే బూట్ అయ్యేటప్పుడు వచ్చే జాబితాలో రెండో వరుస ఎంచుకుంటే చాలు, నిన్నటి సిస్టమ్ వస్తుంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఏళ్లయినా మార్చని ఊళ్లో ఇది చిన్న మేలు కాదు. దీనికి ఖర్చు కూడా ఉంది. సిస్టమ్ లోపలి ఫైళ్లు నువ్వు మార్చలేవు, సాఫ్ట్‌వేర్ చాలావరకు సిస్టమ్‌ను తాకకుండా విడిగా ఉండే ఫ్లాట్‌ప్యాక్‌లుగానే వేసుకోవాలి. ఉబుంటు అనే మామూలు లినక్స్‌కు అలవాటుపడినవాళ్లు ఇక్కడే చిర్రెత్తి చెడుగా రాస్తారు. ఆటలాడుకునేవాడికి అది ఇబ్బందే కాదు. అప్‌డేట్లు మాత్రం పెద్దవి, ఫోను హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

సరే, చేయాల్సిన పని. సికింద్రాబాద్ దాకా వెళ్లక్కర్లేదు, మన ఊళ్లోనే ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొను. 480 లేదా 500 జీబీ సరిపోతుంది. ర్యామ్ కూడా 16 చేద్దామనుకుంటే ధర విని గుండె దిటవు చేసుకో, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఉన్న 8 జీబీతో నీ ఆటలు నడుస్తాయి, బ్రౌజర్ మూసి ఆడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత ఎస్‌ఎస్‌డీకి, హార్డ్ డిస్క్‌కు ఉన్న తీగలు పీకి పక్కన పెట్టు. కొత్తది ఒక్కటే తగిలించి ఉంటే పొరపాటున కూడా మీ నాన్నగారి డేటా పోదు. 16 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకుని, దింపుకున్న బాజైట్ ఫైలును ఫెడోరా మీడియా రైటర్ అనే ప్రోగ్రామ్‌తో దాని మీద రాయి. ఒకే పెన్‌డ్రైవ్‌లో చాలా ఇన్‌స్టాలర్లు పెట్టే వెంటాయ్ వాడకు, బాజైట్ వాళ్లే దాన్ని వద్దంటున్నారు. స్టీమ్ గేమింగ్ మోడ్ కావాలా అని సైట్ అడిగితే వద్దని చెప్పు. తెరంతా నిండే ఆ మోడ్ ఏఎండీ కార్డులతో ఉన్నంత కుదురుగా ఎన్విడియాతో ఉండదు, మామూలు కేడీఈ డెస్క్‌టాప్ చాలు.

అంతా అయ్యాక తీగలు మళ్లీ పెట్టు. ఏది కావాలో బూట్ మెనూలో ఎంచుకో. రెండు సిస్టమ్‌లు వేర్వేరు డిస్కుల మీద ఉన్నాయి కాబట్టి విండోస్ అప్‌డేట్ వచ్చి లినక్స్ బూట్‌లోడర్‌ను చెడగొట్టే గొడవ చాలావరకు తప్పుతుంది. రెండు చిన్న చికాకులు వస్తాయి. బాజైట్ నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయి కనిపిస్తుంది. లినక్స్ బోర్డు గడియారాన్ని గ్రీన్విచ్ సమయంగా చూస్తుంది, విండోస్ స్థానిక సమయంగా చూస్తుంది, మన తేడా సరిగ్గా అంతే. బాజైట్‌లో స్థానిక సమయం వాడమని ఒక్క ఆదేశంతో చెప్పేయవచ్చు. రెండోది, విండోస్ డిస్కులో ఉన్న ఆటల ఫోల్డర్‌నే బాజైట్ స్టీమ్‌కు కూడా చూపించి చోటు మిగుల్చుకుందామని అనిపిస్తుంది. వద్దు. విండోస్ డిస్కుల ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్ఎస్ మీద ప్రోటాన్‌కు పడదు, కొన్ని ఆటలు తెరుచుకోకుండానే మూసుకుపోతాయి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే ఆ డిస్కు లినక్స్‌లో చదవడానికే తప్ప రాయడానికి రాదు. ఆ ఫాస్ట్ స్టార్టప్ ఎలాగూ ఆపేయ్.

విండోస్ 10 ఉంచుకుంటే భద్రత సంగతి ఏమిటని అడుగుతావు. 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. ఈఎస్‌యూ అనే పొడిగింపులో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ అయ్యేలా పెడితే దానికి డబ్బు కట్టక్కర్లేదు. మీ నాన్నగారి పనికి, నీ వాలరెంట్‌కు ఆ విండోస్ ఉంటుంది. బ్యాంకు పనులు, చదువు, మిగతా ఆటలు బాజైట్‌లో చేసుకో. దుకాణాల్లో దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కిస్తామంటారు. ఎక్కుతుంది, కానీ జాబితాలో లేని ప్రాసెసర్‌కు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. డబ్బు కట్టకుండా దొంగదారిన దింపుకున్న ఆటల గురించి కూడా అడిగావు. వాటి గురించి నేను చెప్పను.

ఏదైనా ఆట కొనేముందు అది లినక్స్‌లో ఎలా నడుస్తుందో ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో చూడు. పైన కనిపించే గోల్డ్, ప్లాటినం పతకం చూసి వచ్చేయకు. కింద ఒక్కొక్కరు రాసిన నివేదికల్లో వాళ్ల కార్డు, డ్రైవర్ వివరాలుంటాయి. పాస్కల్ కార్డులవాళ్లు రాసినవి వెతికి, అందులో తాజావి రెండు మూడు చదువు. ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ లాంటి కొత్త ఏఎండీ కార్డు ఉన్నవాడు ప్లాటినం ఇచ్చిన ఆట నీ దగ్గర నత్తనడక నడవవచ్చు.

ఒక్క వివరం నువ్వు రాయలేదు, మదర్‌బోర్డు ఏది? హెచ్110 బోర్డుల్లో చాలావాటికి ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డు మీద గుచ్చే చోటు) ఉండదు, అప్పుడు తీగతో తగిలించే సాటా ఎస్‌ఎస్‌డీయే కొనాలి, దానికి ఖాళీ సాటా పోర్టు, పవర్ తీగ ఉన్నాయో లేదో చూడాలి. బీ250 అయితే సాధారణంగా ఎం.2 ఉంటుంది. క్యాబినెట్ పక్క మూత తీసి బోర్డు మీదున్న మోడల్ నంబర్ కనిపించేలా ఒక ఫోటో పెట్టు. ఏ ఎస్‌ఎస్‌డీ కొనాలో, నీ బోర్డులో బూట్ మెనూకు ఏ కీ నొక్కాలో చెబుతాను.